తొమ్మిదిలోపు కలిపిన రంగు

మా ఇంటి కారు పార్కింగ్ నేల చూసినవాళ్లు తప్పకుండా ఒక మాట అడుగుతారు. "ఎవరితో వేయించారండీ?" అని. అడుగుతూ నవ్వు ఆపుకుంటున్న సంగతి నాకు తెలుస్తూనే ఉంటుంది. ఎందుకు నవ్వరు! వెనక గోడ దగ్గర మూడో వంతు బూడిద రంగు, మిగిలినదంతా ఆసుపత్రి కర్టెన్ల ఆకుపచ్చ, ఆ ఆకుపచ్చ చుట్టూ జానెడు వెడల్పున మళ్లీ బూడిద రంగు. నేనే వేశానని చెప్పి ఊరుకుంటాను. అంతకు మించి చెప్పడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలియదు.

మాది మణికొండలో నూట ఇరవై గజాల ఇల్లు. చుట్టూ ఇంకా పొలాలున్న రోజుల్లో మా మామగారు కట్టించారు. కింద కారు పార్కింగ్, మొదటి అంతస్తులో మేము, పైన కిరాయికి ఒక కుటుంబం. మెట్లు సన్నగా మలుపు తిరిగి ఉంటాయి. ఫ్రిజ్ ఎక్కించినప్పుడే గోడ పెచ్చులు ఊడాయి. ఇంట్లో నేను, నా భర్త, అత్తగారు. నాది కడప వైపు. వాళ్లు ఈ ఊళ్లు ఊళ్లుగా ఉన్నప్పటినుంచీ ఇక్కడివాళ్లే. నేను సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. అంటే ఇతరులు రాసినదాంట్లో తప్పులు పట్టడం. పద్నాలుగేళ్లుగా అదే పని కావడంతో ఇంట్లో కూడా నా నోరు ఊరుకోదు.

మార్చి నెలలో ఒక సోమవారం ఆయనకు కోకాపేట ఆఫీసులో పొద్దున్నే మీటింగు. ఎనిమిదికి బండి తాళం తీసుకుంటుంటే అత్తగారు వంటింట్లోంచి వచ్చారు. గోడమీద క్యాలెండర్ వైపు చూసి, "తొమ్మిది దాటనియ్యి బిడ్డా. రాహుకాలం నడుస్తున్నది. జర ఆగి పో" అన్నారు. ఆయన ఆగేవారేమో. తల్లి మాట తీసెయ్యడం ఆయనకు చేతకాదు. గుమ్మంలో నిలబడి నా వైపు చూశారు. నేను నవ్వాను. "ఆఫీసువాళ్లు రాహుకాలం చూసి గేటు తీయరులే అత్తా. పోనీండి" అన్నాను. ఆయన కూడా నవ్వేసి వెళ్లిపోయారు. పావుగంటకి, సందులోంచి వెనక్కి వస్తున్న నీళ్ల ట్యాంకరు ఆయన్ని బండితో సహా గోడకి నొక్కేసింది.

నాకు రాహుకాలం మీద నమ్మకం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆ ట్యాంకరు తొమ్మిదింబావుకైనా అలాగే వెనక్కి వచ్చేది, అక్కడ ఇంకెవరో ఉండేవారు. బుర్రతో ఆలోచిస్తే ఇంతే. కానీ ఆయన గుమ్మంలో నిలబడి చూసిన చూపుకి నేనిచ్చిన జవాబు ఆ నవ్వు. ఆసుపత్రి వరండాలో కూర్చున్న ఆరు వారాలూ నాకు అదే వినిపించింది. అత్తగారు ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండేది.

ఆయనకు తుంటి ఎముక విరిగింది, కుడి కాలు రెండు చోట్ల విరిగింది. ప్లేట్లు వేశారు. ఎముకలు మెల్లగా అతుక్కుంటున్నాయి గానీ కాలి మీది గాయం మూసుకోలేదు. మూసుకున్నట్టే ఉండి మళ్లీ చీము పట్టేది. మొదట్లో నర్సులతో జోకులు వేసిన మనిషి నాలుగో వారానికి గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టారు. ఐదో వారానికి అన్నం మానేశారు. నేను బతిమాలితే రెండు ముద్దలు, అత్తగారు ఏడిస్తే మూడు ముద్దలు. ఒక చెయ్యి మంచం కమ్మీ మీద వేలాడుతూ ఉండేది. నేను దాన్ని తీసి దుప్పటి కింద పెట్టేదాన్ని.

డాక్టరు మమ్మల్ని పక్కకు పిలిచి చెప్పారు. ఇంకో రెండు వారాల్లో పంపిస్తాం, కానీ మూడు నెలలు మెట్లు ఎక్కకూడదు, గాయం మానేదాకా దుమ్ము తగలకూడదు, గది రోజూ కడుక్కునేలా ఉండాలి. మీ ఇంట్లో అలాంటి గది లేకపోతే మియాపూర్ వైపు ఒక పునరావాస కేంద్రం ఉంది, అక్కడ చేర్చండి. బయలుదేరే ముందురోజు మా నర్సు వచ్చి గది చూస్తుంది. బాగుంటే ఇంటికి, లేకపోతే అక్కడికి.

ఆ సంగతి అత్తగారి ముందే ఆయనకు నేను చెప్పాను. ఆయన గోడవైపు తిరిగే, "ఇంకో వార్డుకి పంపితే నేను ఇంటికి తిరిగి రాను" అన్నారు. బెదిరింపుగా అనలేదు. రేపు ఆదివారం అన్నంత మామూలుగా అన్నారు. అందుకే నాకు భయం వేసింది.

మా ఇంట్లో మెట్లు ఎక్కక్కర్లేని చోటు ఒక్కటే, కారు పార్కింగ్. మూడు వైపులా గోడలున్నాయి. ముందువైపు అల్యూమినియం చట్రంతో అద్దాల తలుపులు రెండు రోజుల్లో బిగించారు. మూలన బాత్రూం అంతకు ముందే ఉంది. మిగిలింది నేల. పాతికేళ్ల నాటి సిమెంటు నేల అది. ఎన్నిసార్లు ఊడ్చినా చేటలోకి బూడిదలాంటి పొడి వచ్చేది. చెయ్యి రాస్తే అరచెయ్యి తెల్లబడేది. మధ్యలో కారు ఇంజన్ కింద పళ్లెమంత నల్లటి నూనె మరక. టైల్స్ వేద్దామని మేస్త్రీకి ఫోన్ చేస్తే, పెద్ద టవర్లో పని నడుస్తోంది, నెల తర్వాత చూద్దామన్నాడు. మా కంపెనీ సర్వర్ గదిలో ఉన్నట్టు ఎపాక్సీ పూత వేయిస్తే దుమ్ము పుట్టదని ఎవరో చెప్పారు. ఆ పని చేసేవాళ్ల నంబర్లు ఐదు సంపాదించాను.

"ఎన్ని వేల అడుగులు మేడం?" అని అడిగాడు ఒకాయన.

"వేలు కాదండీ. రెండు వందలు, ఇంకో పదో పరకో."

నవ్వి పెట్టేశాడు. మిగతా నలుగురు నవ్వకుండా పెట్టేశారు. ఈ చుట్టుపక్కల ఒక్కో కట్టడం కింద నాలుగేసి అంతస్తుల పార్కింగ్ లేస్తుంటే మా రెండు వందల అడుగులకి ఎవడొస్తాడు? చేతిలో పన్నెండు రోజులున్నాయి. పూత వేశాక ఏడు రోజులు ఆరాలి. అంటే ఐదు రోజుల్లో నేల సిద్ధం చేసి ఆరో రోజు, శనివారం, పూత వెయ్యాలి. ఆ తర్వాతి శనివారం ఆయన రావాలి. నేనే వేస్తానన్నాను. కుంచె పట్టుకుని ఎరగను, గోడకి సున్నమైనా కొట్టి ఎరగను. ఫోన్‌లో వీడియో పెట్టుకుని చూశాను. మంచు దేశంలో ఎవరో ఒకాయన, మా ఇల్లంత గ్యారేజీలో, ఈల వేసుకుంటూ గంటలో పూసేశాడు. వాడి ఈల వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

కారు తీసి సందులో పెడితే ఎదురింటాయన తన గేటుకి అడ్డమని గొడవ. చెప్పుల అరలు, పాత టైర్లు, పైవాళ్ల సైకిళ్లు అన్నీ డాబా మీదికి మోశాం. వాషింగ్ మెషీన్ ఒక్కటి మోయలేక బాత్రూం గుమ్మంలోకి తోశాం. దాని మీద ల్యాప్‌టాప్ పెట్టి, చెవిలో మీటింగు, చేతిలో ఇనుప బ్రష్షు. "మీ వైపు నుంచి ఏమైనా ఉందా?" అని మేనేజరు అడిగితే మోకాళ్ల మీదినుంచి లేచి, "నా వైపు ఏమీ లేదు" అని చెప్పి మళ్లీ కూర్చునేదాన్ని. బాత్రూం కడిగే యాసిడ్ నీళ్లలో కలిపి పోస్తే నేల బుసబుస పొంగింది. ఆ పొగకి దగ్గి దగ్గి కళ్లు వాచాయి. వంట సోడా చల్లి, నాలుగుసార్లు కడిగి, పగుళ్లలో లప్పం పెట్టాను.

నూనె మరక మాత్రం పోలేదు. సబ్బుపొడి, కిరోసిన్, మళ్లీ యాసిడ్, ఏది పోసినా తెల్లారేసరికి అది నన్ను వెక్కిరిస్తూ తేలేది. నూనె ఉన్నచోట పూత అంటుకోదు, పెచ్చులా లేస్తుంది. మూడో రోజు నేను దాని పక్కనే కూర్చుని ఏడిచాను. అత్తగారు మెట్ల మీదినుంచి చూసి, మాట్లాడకుండా పైకి వెళ్లి ముగ్గు డబ్బా తెచ్చారు. మరక మీద గుప్పెళ్లతో ముగ్గు పోసి, పాత ఇస్త్రీపెట్టె వేడి చేసి, కాగితం వేసి పైన అద్దారు. ముగ్గు నల్లబడింది. ఊడ్చి మళ్లీ కొత్త ముగ్గు. ఆ రోజంతా ఆమె అదే పని చేశారు, అరవై ఎనిమిదేళ్ల మనిషి, గొంతుక్కూర్చుని. సాయంత్రానికి నీటి చుక్క వేస్తే ఉండలా నిలబడకుండా నేలలోకి ఇంకింది. వీడియోలో చెప్పిన పరీక్ష అదే.

"పోయిందా?" అన్నారు.

"పోయిందత్తా."

"మరి ఎందుకేడుస్తున్నవ్?" అని లేచి వెళ్లిపోయారు.

శుక్రవారం తొలిపూత ముగిసేసరికి రాత్రి ఎనిమిదిన్నరైంది. అది పన్నెండు గంటలు ఆరాలి. ఆపైన అసలు పూత. ఏప్రిల్ ఆఖరు, పదిన్నర దాటితే గోడలు కూడా కాలే ఎండలు. డబ్బాలతో వచ్చిన కాగితంలో ఎక్కువ వేడిలో వెయ్యొద్దని ఉంది. కాబట్టి శనివారం తొమ్మిదికి మొదలుపెట్టి ఒక్కో జత డబ్బాలు కలుపుకుంటూ పదిన్నరలోగా ముగించాలి. కాగితంలో ఇంకో మాట కూడా ఉంది. రంగు డబ్బాలో గట్టిపరిచే మందు కలిపిన తర్వాత అరగంటలో వాడెయ్యాలి, ఎక్కువ ఒక్కసారి కలపొద్దు. ఆ మాట నేను మూడుసార్లు చదివాను. మూడుసార్లు చదివానని ఎందుకు చెప్తున్నానంటే, నాకు తెలియక చేసిన తప్పు కాదిది.

రాత్రి అన్నాలు తింటుంటే అత్తగారు క్యాలెండర్ కేసి చూస్తూ కంచంలో చెయ్యి అలాగే పెట్టుకుని కూర్చున్నారు.

"రేపు శనివారం. తొమ్మిది నుంచి పదిన్నర దాకా మంచిగ లేదు బిడ్డా."

నేను మంచినీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరిపాను.

"పదిన్నర దాటినంక చెయ్యరాదా?"

"ఎండకి చెడిపోతుందత్తా. పొద్దున్నే తొలిపూత ఆరదు. ఉన్నది ఆ టైమొక్కటే."

ఆమె కంచం పక్కకు జరిపారు. "ఊరికి పోయేటప్పుడు మంచి గడియ దాటిపోతదంటే, ఒక సంచి ముందుగాల పక్కింట్ల పెట్టి రామా? పెట్టినమంటే బయలెళ్లినట్టే. తర్వాత ఎప్పుడు పోయినా ఏం గాదు. ఇది గూడ గంతే. తొమ్మిది లోపట రంగు కలిపి పెట్టు. కలిపినవంటే పని మొదలైనట్టే."

"ఒక జత కలుపుతాలే అయితే."

"మల్ల కలిపితే మల్ల మొదలువెట్టినట్టే గద బిడ్డా. అన్నీ ఒక్కపాలే కలుపు."

ఇంకెప్పుడైనా అయితే ఏమనేదాన్నో నాకు తెలుసు. నోటి చివర ఉంది కూడా. కానీ ఆమె అలా క్యాలెండర్ కింద కూర్చుని "జర" అన్నట్టుగా నా మొహంలోకి చూస్తుంటే నాకు గుమ్మం, ఆయన చేతిలో బండి తాళం, నా నవ్వు గుర్తొచ్చాయి. రెండోసారి ఆ మనిషిని కాదనలేకపోయాను. ఏమో, రెండోసారి కూడా ఏమైనా అయితే? ఆ "ఏమో" నాదే. ఆమె మీదికి నెట్టను. "సరే అత్తా, కలుపుతా" అన్నాను.

శనివారం తొమ్మిదికి పది నిమిషాలుండగా నాలుగు జతల డబ్బాలూ ఒక పెద్ద పెయింటు బకెట్‌లో పోశాను. అత్తగారు మూలన అగరుబత్తి వెలిగించారు. డ్రిల్లుకి చిలికే కడ్డీ బిగించి కలిపాను. చిక్కటి బూడిద రంగు, మెరుస్తూ, ఎంత అందంగా ఉందో. తొమ్మిది కొట్టకముందే అయిపోయింది. అత్తగారు ఊపిరి వదిలి, "ఇగ ఫికర్ లేదు" అన్నారు.

ముందు కుంచెతో గోడల పొడుగునా అంచులు వేసుకురావాలి. రోలరు గోడకి తగలకుండా అన్నమాట. నాలుగు వైపులా వేసేసరికి ఇరవై నిమిషాలు. తర్వాత వెనక గోడ నుంచి రోలరుతో మొదలుపెట్టాను. మొదటి నాలుగైదు వరసలు అద్దంలా వచ్చాయి. పర్వాలేదు, నేను చేయగలను, ఆయన వచ్చేస్తారు అనుకున్నాను. ఆ వారంలో నాకు సంతోషమనిపించిన నిమిషాలవి. నాలుగైదు ఉంటాయేమో.

తర్వాత రోలరు బకెట్‌లో ముంచితే బరువుగా తగిలింది. బకెట్ పక్కకు జరపబోతే గోరువెచ్చగా ఉంది. ఇంకో వరస వేసి వచ్చేసరికి చెయ్యి పెట్టలేనంత వేడి. ఒక చేదు వాసన లేచింది. రంగు పైన సన్నగా పొగ. ప్లాస్టిక్ బకెట్ నడుము దగ్గర మెత్తబడి వంగుతోంది. అప్పటికైనా నేల మీద గుమ్మరించేస్తే కొంత దక్కేదేమో. నాకు తోచలేదు. బకెట్ చెవి పట్టుకుని బయటికి లాక్కుపోయాను. అరచేయి కాలింది. సందులోకి తెచ్చి పెట్టేసరికి రోలరు అందులోనే బిగుసుకుపోయి నిలబడింది. పిడి పట్టుకుని లాగితే బకెట్ మొత్తం లేచింది. ఆరు వారాల ఆశ, ఐదు రోజుల పని, ఆ బకెట్‌లో రాయి అయి కూర్చున్నాయి. లోపల మూడింట రెండు వంతుల నేల అలాగే ఉంది.

గేటు దగ్గర అత్తగారు నిలబడి ఉన్నారు. నేను అరిచాను. సందులో ఎన్ని కిటికీలు తెరుచుకున్నాయో తెలియదు.

"చూడండత్తా, ఎట్లయిందో చూడండి! మీ గడియలు, మీ రాహుకాలం! ఇప్పుడాయన్ని యాడ పెట్టేది? చెప్పండి, యాడ పెట్టేది? అక్కడికి పంపితే తిరిగి రానన్నాడు మీ కొడుకు. విన్నారు కదా మీరు కూడా!"

ఆమె ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు. గేటు కమ్మీ పట్టుకుని మెట్టు మీద కూర్చున్నారు.

"ఆ దినం నువ్వు నవ్వినవని ఇయ్యాల నా మాట కాదనలే. నాకెర్కనే" అన్నారు.

చేతిలో ఉన్న రోలరు పిడి వదిలేశాను.

"వాడు నా కొడుకు. రెక్క పట్టుకుని ఆపితే ఆగేటోడు. నువ్వు నవ్వినవని నేను వంటింట్లకు పోయిన. కోడలు సదువుకున్నది, నన్ను జూసి నవ్వుతది అని సిగ్గయి పోయిన. కొడుకు కంటే సిగ్గు ఎక్కువాయె నాకు." అక్కడ ఆగి, కొంగుతో ముక్కు తుడుచుకున్నారు. "ఆరు వారాలాయె, నువ్వు గద్దాన్నే తలుసుకుంటున్నవ్, నేను గద్దాన్నే తలుసుకుంటున్న. వాడొక్కడే తలుస్తలేడు."

నేను ఆమె పక్కన కూర్చున్నాను. కాలిన చెయ్యి మండుతోంది. ఎదురింటాయన కారు గురించి మాట్లాడటానికి గేటు దాకా వచ్చి, మా ఇద్దర్నీ చూసి, మళ్లీ లోపలికి వెళ్లిపోయాడు. తర్వాత అత్తగారే లేచి ఆ బకెట్ దగ్గరికి వెళ్లి, గట్టిపడిన రంగుని వేలితో టక టక కొట్టి చూశారు.

"పాకం ముదిరినట్టయింది గద ఇది. మంట మీదికెళ్లి దించినా ఇంత పాకం ఒక్కతాన ఉంటే ఆగుతదా? అరిసెలకు ఎప్పుడన్న ఇంత పాకం ఒక్కపాలి పడ్తమా?"

"కాగితంలో అదే రాసుందత్తా. కొంచెం కొంచెం కలపమని."

ఆమె నా వైపు తిరిగి చూసిన చూపు ఉంది చూడండి, అది నేను జన్మలో మరచిపోను. "మరి చెప్పొద్దా?" అన్నారు. అంతే. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వో ఏడుపో, ఏదో ఒకటి వచ్చింది.

కారు వేసుకుని మూడు దుకాణాలు తిరిగాను. బూడిద రంగు ఎక్కడా లేదు, తెప్పించాలంటే నాలుగు రోజులు. నాలుగో దుకాణంలో ఆకుపచ్చవి మూడు జతలు మిగిలిపోయి ఉన్నాయి. ఏదో ఆసుపత్రి కోసం తెప్పిస్తే వాళ్లు వద్దన్నారట. ఏ రంగైతే నాకేం! ఆ మధ్యాహ్నమంతా ఆగిపోయిన చోట గడ్డకట్టిన అంచుని గరుకు కాగితంతో రుద్దాం. ఆదివారం తెల్లవారుతూనే మొదలుపెట్టాం. అత్తగారు వంటింటి కాటా తెచ్చుకుని, రెండు డబ్బాల్లోంచీ కాగితంలో ఉన్న లెక్క ప్రకారం తూచి, పాత స్టీలు గిన్నెల్లో గిన్నెడు గిన్నెడు చొప్పున కలిపి ఇచ్చారు. పొడుగాటి అట్లకాడతో కలుపుతూ, "ఇగో, పట్టు. ఇది అయినంకనే ఇంకోటి" అనేవారు. నేను మూడు వరసలు వేసి ఖాళీ గిన్నె ఇచ్చేసరికి ఇంకో గిన్నె సిద్ధం. ఆ రోజు ఆమె క్యాలెండర్ చూశారో లేదో నాకు తెలియదు. నేను చూశాను. పొద్దున ఏ ఇబ్బందీ లేదు, రాహుకాలం సాయంత్రం నాలుగున్నరకి గానీ రాదు. చూసినందుకు నామీద నాకే ఒళ్లు మండింది.

ఎనిమిదింటికి అద్దాల తలుపు దగ్గరికి వచ్చేశాం. బయట నిలబడి చూస్తే చుట్టూ బూడిద అంచు, మధ్యలో ఆకుపచ్చ, చివర బూడిద. "చీరెకు అంచూ కొంగూ లెక్క ఉన్నది" అన్నారు అత్తగారు. నాకు ఏడుపొచ్చినంత అసహ్యంగా కనిపించింది.

ఏడు రోజులు ఆరాల్సింది ఆరు రోజులే మిగిలాయి. తెల్లారి లేస్తే ముందు కిందికి పరుగెత్తి తలుపు పక్కన గోరు గుచ్చి చూసేదాన్ని. సోమవారం గోరు దిగింది. మంగళవారం దిగలేదు గానీ అంటుకుంది. వేడికి త్వరగా ఆరుతుందని ఒకచోట చదివితే, పైన గట్టిపడి లోపల మెత్తగా ఉంటుందని ఇంకోచోట చదివాను. మీటింగుల్లో ఎవరేం అన్నారో ఒక్క ముక్క గుర్తులేదు. ఆసుపత్రిలో ఆయన రెండు ముద్దల దగ్గరే ఉన్నారు. బుధవారం నేను చెయ్యి పట్టుకుంటే నా అరచేతి కట్టు చూసి, ఎలా కాలిందని అడిగారు. పోపులో అన్నాను. "నేల ఆరిందా?" అన్నారు తర్వాత. పది రోజుల్లో తనంతట తాను నన్నడిగినవి ఆ రెండు మాటలే. ఆరిందని అబద్ధం చెప్పాను. ఆరకపోతే అనే మాట నాలోపలే కొట్టుకుంటూ ఉంది. ఆ కేంద్రంవాళ్లు మంచం ఖాళీగా ఉంచామని రోజూ ఫోన్ చేస్తున్నారు.

శుక్రవారం నర్సు వచ్చింది. చెప్పులు విప్పి, తెల్లటి దూది తీసుకుని, వంగి నేల మీద ఈ మూల నుంచి ఆ మూలకి రాసింది. నేనూ అత్తగారూ అద్దాల తలుపు దగ్గర పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డవాళ్లలా నిలబడ్డాం. దూది తిప్పి చూసింది. తెల్లగానే ఉంది. మడమతో గట్టిగా నొక్కి చూసింది. "రంగులేంటండీ ఇలా?" అంది. సంచిలోంచి కాగితాలు తీసింది. "పంపించమని రాస్తాను" అంది.

ఎప్పుడూ కాగితాల కోసం సాయంత్రందాకా కూర్చోబెట్టే ఆసుపత్రి, మర్నాడు శనివారం పొద్దున ఎనిమిదిన్నరకే మమ్మల్ని పంపించేసింది. అంబులెన్సులో ఆయన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. మా సందు మలుపులో ఫోన్ చూసుకున్నాను. తొమ్మిదీ ఇరవై. శనివారం రాహుకాలం మొదలై ఇరవై నిమిషాలైంది.

బండి గేటు ముందు ఆగింది. వెనక తలుపు తెరవబోతున్న డ్రైవరుని ఆపేశాను. "ఒక గంట ఇక్కడే ఉందామండీ. ఏసీ ఆపొద్దు" అన్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు.

గేటులో అత్తగారు హారతి పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నారు. "ఏమాయె? దించుతలేరేంది?"

"తొమ్మిదీ ఇరవై అత్తా. ఇంకో గంట. పదిన్నర దాటనియ్యండి" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూశారు. నవ్వాలంటే నవ్వొచ్చు, ఆ రోజు నేను నవ్వినట్టు. నవ్వలేదు. పళ్లెం తీసుకెళ్లి వాషింగ్ మెషీన్ మీద పెట్టి వచ్చి, అంబులెన్సు తలుపు పిడి తనే పట్టుకున్నారు.

"నా కొడుకు ఇంటి ముంగటికొచ్చి ఎండల ఆగుడేంది బిడ్డా? ఆరు వారాలు దాటె, ఇంకా ఎంతసేపు ఆగాలె? తోలుకరాండ్రి లోపలికి."

ఆసుపత్రివాళ్లిద్దరు ఆయన్ని చక్రాల కుర్చీలో దించారు. అత్తగారు ఒకవైపు, నేను ఒకవైపు. చక్రాలు గడప మీద నుంచి ఆకుపచ్చ మీదికి, అక్కడినుంచి బూడిద రంగు మీదికి చప్పుడు లేకుండా దొర్లాయి. ఎక్కడా పెచ్చు లేవలేదు. మంచం పక్కన ఆపాక ఆయన కళ్లు తెరిచి చాలాసేపు కిందికే చూశారు. మంచిగా ఉన్న ఎడమ పాదాన్ని మెల్లగా దించి నేలకి ఆనించారు.

"చల్లగుంది" అన్నారు. తర్వాత, "రెండు రంగులేంది?"

"నేనూ నీ పెండ్లామూ కలిసి ఏసినం. మంచిగ లేదా?" అన్నారు అత్తగారు.

ఆయన నా చేతి కట్టు వైపు ఒకసారి, నేల వైపు ఒకసారి చూశారు. "అమ్మా, తినటానికి ఏమన్న ఉన్నదా?" అన్నారు.

అత్తగారు మెట్లెక్కడం అంత వేగంగా నేను ముందెప్పుడూ చూడలేదు. హారతి సంగతి ఇద్దరం మరిచిపోయాం. నేను ఆయన పాదం పక్కన, ఆ నేల మీదే కూర్చుండిపోయాను.